ఆట డేటా మూటలు విప్పడం: కావలసిన ఫైలు ఎక్కడుంటుంది, ఆట ఏ ప్రతిని చదువుతుంది

రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో ఒక ఇనుప కత్తి ఉంది. దాని మెరుపు మార్చాలి, దెబ్బ పెంచాలి, పేరు మార్చాలి. ఆడేవాళ్లకు అది ఒకే వస్తువు, డిస్క్ మీద మాత్రం నాలుగు ముక్కలు. ఆకారం ఒక ఫైల్లో ఉంటుంది, దాని మీద అతికే బొమ్మ మరో ఫైల్లో ఉంటుంది. ఎంత దెబ్బ తగులుతుందన్న అంకె ఒక డేటాబేస్‌లో, తెర మీద కనిపించే పేరు వేరే పట్టికలో ఉంటాయి. మోడింగ్‌లో, అంటే ఆట ఫైళ్లను సొంతంగా మార్చుకునే పనిలో, కొత్తగా దిగినవాళ్లు తడబడేది ఇక్కడే. ఆర్కైవ్, అంటే ఫైళ్లు కట్టిన మూట, విప్పే టూల్ దొరకడం కష్టం కాదు. ఏ మూట విప్పాలి, మార్చినదాన్ని ఎక్కడ పెడితే ఆట దాన్నే చదువుతుంది అన్నవే అసలు చిక్కులు. ఒకే పేరుతో మూడు ప్రతులుంటే గెలిచేది ఒక్కటే. ఏది గెలుస్తుందో తెలియకుండా రోజంతా ఎక్స్‌ట్రాక్ట్ చేసినా తెర మీద పాత కత్తే కనిపిస్తుంది.

వివరంగా చూడడానికి స్కైరిమ్ అనే రోల్‌ప్లేయింగ్ గేమ్ స్పెషల్ ఎడిషన్‌ను తీసుకుందాం. 2016లో వచ్చిన ఈ ఎడిషన్ లోపలి నిర్మాణం మోడర్లకు బాగా తెలుసు. ఇక్కడ పట్టుబడ్డ తర్కం మిగతా ఆటల్లోనూ పనికొస్తుంది.

ముందు ఫోల్డర్ దొరకాలి

స్టీమ్‌లో లైబ్రరీలోని ఆట పేరు మీద రైట్ క్లిక్ చేసి, మేనేజ్‌లోకి వెళ్లి, బ్రౌజ్ లోకల్ ఫైల్స్ నొక్కితే ఆట ఉన్న ఫోల్డర్ తెరుచుకుంటుంది. చేత్తో వెతికితే అది స్టీమ్ ఫోల్డర్‌లో స్టీమ్‌యాప్స్, అందులో కామన్, దాని కింద ఆట పేరుతో ఉంటుంది. జీఓజీ గెలాక్సీలోనూ ఫోల్డర్ చూపించే ఆప్షన్ ఉంది. ఎక్స్‌బాక్స్ యాప్‌తో దింపిన ఆటలు సాధారణంగా ఎక్స్‌బాక్స్‌గేమ్స్ అనే ఫోల్డర్‌లో, ఆట పేరు కింద కంటెంట్ అనే చోట ఉంటాయి.

అయితే ఆట మొత్తం ఒకే చోట ఉండదు. స్కైరిమ్ సెట్టింగుల ఫైళ్లు, సేవ్‌లు డాక్యుమెంట్స్‌లోని మై గేమ్స్ ఫోల్డర్‌లో ఉంటాయి. ఏ ప్లగిన్లు (ఆట డేటాబేస్ ఫైళ్లు) ఏ వరుసలో లోడ్ కావాలో చెప్పే ప్లగిన్స్ టెక్స్ట్ ఫైలు యాప్‌డేటాలోని లోకల్‌లో ఉంటుంది. యాప్‌డేటా విండోస్ దాచి ఉంచే ఫోల్డర్ కాబట్టి, ఫైల్ ఎక్స్‌ప్లోరర్ వ్యూ మెనూలో దాచినవి చూపించమని టిక్ పెట్టాలి. అదే చోట ఫైల్ ఎక్స్‌టెన్షన్లు కనిపించే ఆప్షన్ కూడా ఆన్ చేయండి. అది ఆఫ్‌లో ఉంటే బొమ్మను సేవ్ చేసేటప్పుడు పేరు చివర డీడీఎస్ (ఆట బొమ్మల ఎక్స్‌టెన్షన్) రెండుసార్లు పడినా కంటికి కనిపించదు, ఆటకు మాత్రం అది వేరే ఫైలు.

లినక్స్‌లో విండోస్ ఆటలను నడిపే ప్రోటాన్ మీద ఆడేవాళ్లకు ఆ డాక్యుమెంట్స్, యాప్‌డేటా రెండూ స్టీమ్‌యాప్స్ కింద కంపాట్‌డేటాలో, ఆట నంబరుతో ఉన్న ఫోల్డర్‌లో దొరుకుతాయి. స్పెషల్ ఎడిషన్ నంబరు 489830.

ఆట ప్రోగ్రామ్ ఫైల్స్ లోపల ఉంటే, మోడింగ్ మొదలుపెట్టే ముందే బయట వేరే స్టీమ్ లైబ్రరీ ఫోల్డర్‌కు మార్చడం మేలు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయడాన్ని విండోస్ అడ్డుకుంటుంది. పాత టూల్స్ విషయంలో ఇంకా చిక్కు ఉంది. రాసిన ఫైలును విండోస్ చడీచప్పుడు లేకుండా వర్చువల్‌స్టోర్ అనే మరో చోటికి మళ్లిస్తుంది. టూల్‌కు ఫైలు కనిపిస్తుంది, ఆటకు కనిపించకపోవచ్చు.

డేటా ఫోల్డర్‌లో ఏముంది

స్కైరిమ్ డేటా ఫోల్డర్ తెరిస్తే ముఖ్యంగా రెండు రకాల ఫైళ్లు కనిపిస్తాయి. ఈఎస్‌ఎం, ఈఎస్‌పీ, ఈఎస్‌ఎల్ అనేవి ప్లగిన్లు, అంటే డేటాబేస్‌లు. వస్తువులు, మనుషులు, క్వెస్టులు, స్థలాలు, వాటి అంకెలు అందులో రికార్డులుగా ఉంటాయి. బీఎస్‌ఏ అనేవి ఆర్కైవ్‌లు, అంటే మూటలు. మెషెస్ అన్న పేరున్న మూటల్లో నిఫ్ ఫైళ్లు, అంటే ఆకారాలు ఉంటాయి. టెక్స్చర్స్ 0 నుంచి 8 వరకు ఉన్న తొమ్మిది మూటల్లో డీడీఎస్ బొమ్మలుంటాయి. వాయిసెస్‌లో సంభాషణలు ఫజ్ ఫైళ్లుగా ఉంటాయి. పెదవుల కదలిక, గొంతు కలిపి కట్టిన చిన్న మూటలే ఆ ఫజ్‌లు. కంపైల్ అయిన పాపిరస్ (ఈ ఆట స్క్రిప్టు భాష) స్క్రిప్టులు పెక్స్ అనే ఎక్స్‌టెన్షన్‌తో ఉంటాయి.

కత్తికోసం టెక్స్చర్స్ మూటలన్నీ విప్పి వెతకడం చాలామంది చేసే పని. అంతకన్నా డేటాబేస్ నుంచి మొదలుపెట్టడం నయం. ఎక్స్‌ఎడిట్ టూల్‌లో, స్పెషల్ ఎడిషన్‌కైతే దాని పేరు ఎస్‌ఎస్‌ఈఎడిట్, స్కైరిమ్.ఈఎస్‌ఎంను లోడ్ చేయండి. ఫారమ్ ఐడీ పెట్టెలో 00012ఈబీ7 అని కొడితే ఇనుప కత్తి రికార్డు తెరుచుకుంటుంది. ఐడీలో మొదటి రెండు అంకెలు ప్లగిన్ లోడ్ వరుసను చెబుతాయి. స్కైరిమ్.ఈఎస్‌ఎం ఎప్పుడూ మొదటిదే కాబట్టి దానికి 00. అదే రికార్డులో గేమ్ డేటా అన్న చోట విలువ 25, బరువు 9, దెబ్బ 7 అని ఉంటాయి. మోడల్ అన్న చోట ఏ నిఫ్ ఫైలో దాని దారి ఉంటుంది.

ఆ దారి పట్టుకుని మెషెస్ మూటల్లోంచి ఆ ఒక్క నిఫ్‌ను బయటికి తీసి, నిఫ్‌స్కోప్‌లో తెరవండి. షేడర్ కింద టెక్స్చర్ సెట్ అన్న బ్లాక్ ఉంటుంది. ఏ డీడీఎస్ ఫైళ్లు కావాలో పూర్తి దారులతో అక్కడ రాసి ఉంటుంది. మొదటి గడిలో రంగు బొమ్మ, రెండో గడిలో ఎత్తుపల్లాలు చూపే నార్మల్ మ్యాప్ ఉంటాయి. ప్రతిబింబాల క్యూబ్‌మ్యాప్, అవి ఎక్కడ కనిపించాలో చెప్పే మాస్క్ కావలసిన వస్తువులకు ఐదు, ఆరు గడుల్లో ఉంటాయి. రికార్డు నుంచి నిఫ్‌కు, నిఫ్ నుంచి డీడీఎస్‌కు ఇలా నడిస్తే పది నిమిషాల్లో కావలసిన నాలుగైదు ఫైళ్లు చేతికొస్తాయి. పేరును బట్టి ఊహించి వెతికితే వాడని పాత బొమ్మో, కిందపడిన వేరే వస్తువు బొమ్మో దొరికే ప్రమాదం ఉంది.

ఈ దారిలో అందరూ ఒకసారి పడే గుంట ఒకటుంది. కత్తి రికార్డులో ఫస్ట్ పర్సన్ మోడల్ ఆబ్జెక్ట్ అన్న గడి విడిగా ఉంటుంది. అది వేరే స్టాటిక్ రికార్డును చూపుతుంది, ఆ రికార్డులో దాని సొంత మోడల్ దారి ఉంటుంది. మోడల్ దారి కొత్త నిఫ్‌కు మార్చి ఈ గడిని వదిలేస్తే, బయటి నుంచి చూసినప్పుడు కొత్త కత్తి, పాత్ర కళ్లతో చూసినప్పుడు పాత కత్తి కనిపిస్తుంది. మోడ్ సగం పనిచేస్తోందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే.

పేరు సంగతి వేరు. స్కైరిమ్.ఈఎస్‌ఎంకు లోకలైజ్డ్ అన్న గుర్తు ఉంటుంది. అంటే రికార్డులో పేరు ఉండదు, ఒక సంఖ్య మాత్రమే ఉంటుంది. ఆ సంఖ్యకు సరిపడే మాట భాషకో ఫైలు చొప్పున ఉండే స్ట్రింగ్స్ పట్టికల్లో ఉంటుంది. పేర్లు స్ట్రింగ్స్‌లో, పుస్తకాలు, వర్ణనల్లాంటి పెద్ద పాఠాలు డీఎల్‌స్ట్రింగ్స్‌లో, సంభాషణలు ఐఎల్‌స్ట్రింగ్స్‌లో. ఎక్స్‌ఎడిట్ సంఖ్యనూ మాటనూ కలిపి చూపిస్తుంది కాబట్టి పేరు అక్కడే ఉన్నట్టనిపిస్తుంది. ఈ తేడా తెలియకపోతే ఒక నష్టముంది. కత్తి దెబ్బ మాత్రమే మారుద్దామని రికార్డును కొత్త ప్లగిన్‌లోకి కాపీ చేస్తే, ఆ ప్లగిన్‌కు లోకలైజ్డ్ గుర్తు లేనందున పేరు మీ భాషలోనే అందులో అచ్చైపోతుంది. జర్మన్‌లోనో ఫ్రెంచ్‌లోనో ఆడేవాళ్లకు మీ మోడ్ పెట్టగానే ఆ ఒక్క కత్తి పేరు ఇంగ్లిష్‌లో కనిపిస్తుంది.

మూట లోపలి నిర్మాణం

బీఎస్‌ఏ ఫైలును, బైట్లను అంకెలుగా చూపే హెచ్‌ఎక్స్‌డీ లాంటి హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే మొదటి మూడు బైట్లు బీ, ఎస్, ఏ అక్షరాలు, నాలుగోది సున్నా. తర్వాతి నాలుగు బైట్లు వెర్షన్. హెక్స్‌లో (పదహారు ఆధారంగా రాసే అంకెల్లో) 67 ఉంటే 103, అది ఆబ్లివియన్. 68 ఉంటే 104, అది ఫాలౌట్ 3, న్యూ వేగస్, 2011 నాటి పాత స్కైరిమ్. 69 ఉంటే 105, స్పెషల్ ఎడిషన్. మొత్తం హెడర్ 36 బైట్లు. దాని వెనక ఫోల్డర్ల జాబితా, ఫైళ్ల జాబితా, పేర్లు, చివరికి అసలు డేటా వస్తాయి.

ఆ ఒక్క వెర్షన్ అంకె తేడా చాలా పెద్దది. 104 వరకు మూటలను జీలిబ్‌తో కుదించేవారు, 105లో ఎల్‌జెడ్4 వచ్చింది. పాత స్కైరిమ్ కోసం రాసిన ఎక్స్‌ట్రాక్టర్‌తో కొత్త మూటను సరిగ్గా తెరవలేం, ఫోల్డర్ల జాబితా అమరిక కూడా మారింది. అది ఎర్రర్ ఇస్తుంది, లేదా పనికిరాని ఫైళ్లు రాస్తుంది. అంతమాత్రాన మూట చెడిపోయిందనుకోకండి, టూల్ పాతది. పైగా మూట మొత్తానికి కుదింపు ఉందో లేదో ఒక ఫ్లాగ్ చెబితే, ఒక్కో ఫైలు సైజు అంకెలో ఒక బిట్ ఆ ఫైలుకు మాత్రం దాన్ని తిరగేస్తుంది. అంటే కుదించిన మూటలోనే కుదించని ఫైళ్లు ఉండవచ్చు. సొంతంగా స్క్రిప్టు రాసుకునేవాళ్లు మరిచిపోయేది ఈ బిట్‌నే.

బీఎస్‌ఏ బ్రౌజర్, బెథెస్డా ఆర్కైవ్ ఎక్స్‌ట్రాక్టర్ ఈ వెర్షన్లన్నిటినీ అర్థం చేసుకుంటాయి. బీఎస్‌ఏ బ్రౌజర్‌లో తొమ్మిది టెక్స్చర్ మూటలనూ ఒకేసారి తెరిచి పేరుతో వెతకవచ్చు. విప్పేటప్పుడు ఫోల్డర్ దారులతో సహా విప్పే ఆప్షన్ ఎంచుకోండి. దారి లేకుండా బయటపడ్డ వంద డీడీఎస్ ఫైళ్లలో ఏది ఎక్కడిదో తర్వాత తేల్చడం నరకం.

2015 నాటి ఫాలౌట్ 4లో మూట పేరు బీఏ2 అయింది, మొదటి అక్షరాలు బీటీడీఎక్స్. ఇందులో జనరల్ అని ఒక రకం, డీఎక్స్10 అని బొమ్మలకే ప్రత్యేకంగా మరో రకం. రెండో రకంలో డీడీఎస్ హెడర్లు ఉండవు. కొలతలు, ఫార్మాట్ విడిగా రాసిపెట్టి, బొమ్మను ముక్కలుగా దాచుతారు. మంచి టూల్ హెడర్‌ను మళ్లీ కట్టి ఇస్తుంది. అది చేయని టూల్‌తో విప్పితే ఏ ఎడిటరూ తెరవని తల లేని బొమ్మలు వస్తాయి.

ఏ ప్రతి గెలుస్తుంది

ఫైళ్ల విషయంలో స్పెషల్ ఎడిషన్ నియమం ఇది. ఆట సొంత మూటలు ముందు లోడ్ అవుతాయి. వాటి జాబితా స్కైరిమ్ ఐఎన్‌ఐ అనే సెట్టింగుల ఫైల్లో ఆర్కైవ్ విభాగంలో ఉంటుంది. తర్వాత ప్లగిన్ల వరుసలో వాటి మూటలు. మూట పేరు ప్లగిన్ పేరుతో సరిపోవాలి, లేదా దాని చివర టెక్స్చర్స్ అన్న తోక ఉండాలి. ప్లగిన్ లేని మూటను ఆట ముట్టుకోదు. వీటన్నిటి మీదా డేటా ఫోల్డర్‌లో విడిగా పడి ఉన్న ఫైలు గెలుస్తుంది. దాన్నే లూజ్ ఫైల్ అంటారు.

ఆట మూటలన్నీ డేటా ఫోల్డర్‌లోనే విప్పేయకూడదు అనడానికి కారణం ఇక్కడే ఉంది. అలా విప్పిన అసలు ఫైళ్లు లూజ్ ఫైళ్లయిపోతాయి, మీరు పెట్టుకున్న మోడ్ల మూటల మీద గెలుస్తాయి. మోడ్‌లు వరుసగా పనిచేయడం మానేస్తాయి, ఎర్రర్ ఏదీ రాదు. విప్పడానికి ఎప్పుడూ ఆట బయట ఒక ఫోల్డర్ పెట్టుకోండి. డ్రైవ్ మూలంలో, చిన్న పేరుతో ఉంటే ఇంకా మంచిది. విండోస్‌లో చాలా ప్రోగ్రాములకు ఫైలు దారి 260 అక్షరాలు దాటితే చేతకాదు. డెస్క్‌టాప్ మీద నాలుగు ఫోల్డర్ల లోతున విప్పితే గొంతు ఫైళ్ల పొడవాటి పేర్లు ఆ హద్దు దాటతాయి, కొన్ని ఫైళ్లు రాకుండానే పని పూర్తయినట్టు కనిపిస్తుంది.

రికార్డుల నియమం వేరు, ఇంకా కఠినం. ఒకే కత్తి రికార్డును రెండు ప్లగిన్లు మారిస్తే, వరుసలో చివరిది మొత్తం రికార్డును గెలుచుకుంటుంది. ఒకరు దెబ్బ మార్చి, ఇంకొకరు బరువు మార్చినా రెండూ కలవవు. ఎక్స్‌ఎడిట్‌లో రెండు ప్లగిన్లనూ లోడ్ చేసి చూస్తే ఢీకొన్న గడులు రంగుతో కనిపిస్తాయి. కావలసిన విలువలను మూడో ప్లగిన్‌లోకి చేర్చి, దాన్ని చివర పెట్టడమే ప్యాచ్. స్కైరిమ్.ఈఎస్‌ఎంను నేరుగా ఎప్పుడూ మార్చవద్దు. రికార్డు మీద రైట్ క్లిక్ చేసి ఓవర్‌రైడ్‌గా కొత్త ప్లగిన్‌లోకి కాపీ చేసే ఆజ్ఞ ఉన్నది అందుకే. పూర్తి ప్లగిన్లు 254కు మించి లోడ్ కావు. ఇలాంటి చిన్న ప్యాచ్‌కు ఈఎస్‌ఎల్, అంటే తేలికపాటి ప్లగిన్ అన్న గుర్తు పెడితే అది ఆ లెక్కలోకి రాదు.

పాత ఆటల్లో లూజ్ ఫైలు గెలుపు ఖాయం కాదు. ఆబ్లివియన్, ఫాలౌట్ 3 ఇంజిన్ ఫైలు తేదీని మూట తేదీతో పోల్చేది. కొత్త బొమ్మ తేదీ పాతదైతే దాన్ని పక్కన పెట్టేది. ఆర్కైవ్ ఇన్‌వాలిడేషన్ అనే పద్ధతి పుట్టింది దీనికే. ఫాలౌట్ 4లో లూజ్ ఫైళ్లు చదవాలంటే కస్టమ్ ఐఎన్‌ఐలో రెండు వరుసలు చేర్చాలి. బీఇన్‌వాలిడేట్‌ఓల్డర్‌ఫైల్స్ విలువ 1 కావాలి, ఎస్‌రిసోర్స్‌డేటాడిర్స్‌ఫైనల్ విలువ ఖాళీగా ఉండాలి. మోడ్ మేనేజర్లు ఈ పని తామే చేస్తాయి.

మోడ్ ఆర్గనైజర్ 2 అనే మోడ్ మేనేజర్ వాడేవాళ్లు అసలు డేటా ఫోల్డర్‌ను ముట్టనే అక్కర్లేదు. అది ప్రతి మోడ్‌నూ విడి ఫోల్డర్‌లో ఉంచి, ఆట నడిచేటప్పుడు మాత్రం అన్నీ డేటాలో ఉన్నట్టు భ్రమ కల్పిస్తుంది. ఈ భ్రమ దాని ద్వారా తెరిచిన ప్రోగ్రాములకే ఉంటుంది. ఎక్స్‌ఎడిట్‌ను బయటి నుంచి తెరిస్తే మోడ్‌లు ఒక్కటీ కనిపించవు. మోడ్ ఫోల్డర్ లోపల టెక్స్చర్స్, మెషెస్ ఫోల్డర్లు నేరుగా ఉండాలి. వాటి పైన ఇంకో డేటా ఫోల్డరో, జిప్ పేరుతో ఫోల్డరో మిగిలితే దారి ఒక మెట్టు తప్పుతుంది, ఆటకు దొరకదు.

బొమ్మను తిరిగి పెట్టేటప్పుడు

డీడీఎస్ లోపల కుదింపు పద్ధతి ఆటకు ముఖ్యం. బీసీ7 మంచి నాణ్యతనిస్తుంది, స్పెషల్ ఎడిషన్ దాన్ని చదువుతుంది. పాత స్కైరిమ్ డైరెక్ట్ఎక్స్ 9 మీద నడుస్తుంది కాబట్టి చదవలేదు. కొత్త ఎడిషన్ టెక్స్చర్‌ను పాతదానిలో పెడితే ఆట కూలడానికి ఇదొక కారణం. దీనికి ఎదురు దిశలో చిక్కు నిఫ్‌లది. పాత ఎడిషన్ మెష్‌లను కొత్తదానిలో పెట్టే ముందు కెథీడ్రల్ అసెట్స్ ఆప్టిమైజర్ లాంటి టూల్‌తో మార్చుకోవాలి.

అడ్డం, నిలువు కొలతలు 1024, 2048, 4096 లాంటి రెండు ఘాతాలే కావాలి. 4096 చదరపు బొమ్మ బీసీ7లో 16 ఎంబీ. మిప్‌మ్యాప్‌లతో, అంటే దూరానికి వాడే చిన్న ప్రతులతో, కలిపి 21 ఎంబీ దాటుతుంది. కుదించకుండా వదిలేస్తే అదే బొమ్మ 64 ఎంబీ, మిప్‌మ్యాప్‌లతో 85. ఒక కత్తికి ఇంత వీడియో మెమొరీ దండగ. తెర మీద అది ఆక్రమించే చోటుకు 2048 చాలు. మిప్‌మ్యాప్‌లు లేకుండా సేవ్ చేస్తే దూరం నుంచి చూసినప్పుడు బొమ్మ మిణుకుమిణుకుమంటుంది.

నార్మల్ మ్యాప్ విషయంలో ఇంకో జాగ్రత్త. స్కైరిమ్‌లో దాని ఆల్ఫా ఛానెల్ (మూడు రంగులతో పాటు ఉండే నాలుగో పొర) ఖాళీ స్థలం కాదు, మెరుపు ఎక్కడెంతో చెప్పే స్పెక్యులర్ అందులో ఉంటుంది. ఆల్ఫా లేని ఫార్మాట్‌లో సేవ్ చేస్తే కత్తంతా నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది.

మిగతా ఆటల్లో ఇదే కథ, వేరే పేర్లు

2023 నాటి బాల్డర్స్ గేట్ 3లో మూటలు పాక్ ఫైళ్లు, వాటి సంతకం, అంటే ఫైలు రకాన్ని చెప్పే గుర్తు అక్షరాలు, ఎల్‌ఎస్‌పీకే. షేర్డ్, గుస్తావ్, టెక్స్చర్స్, మోడల్స్ అని విడివిడిగా ఉంటాయి. నార్‌బైట్ రాసిన ఎల్‌ఎస్‌లిబ్ టూల్ వీటిని విప్పుతుంది. ఇక్కడా వస్తువు ముక్కలైపోయి ఉంటుంది. ఆయుధం అంకెలు షేర్డ్ మూటలో స్టాట్స్ కింద మామూలు టెక్స్ట్ ఫైళ్లలో ఉంటాయి, నోట్‌ప్యాడ్‌తో చదవవచ్చు. ఒక ఎంట్రీ యూజింగ్ అన్న మాటతో ఇంకో ఎంట్రీ నుంచి విలువలు తెచ్చుకుంటుంది కాబట్టి, వెతికే విలువ అక్కడ లేకపోతే దాని తల్లి ఎంట్రీలో చూడాలి. రూపం, పేరు రూట్ టెంప్లేట్‌లో ఉంటాయి. అది ఎల్‌ఎస్‌ఎఫ్ అనే బైనరీ, ఎల్‌ఎస్‌లిబ్ కన్వర్టర్‌తో ఎల్‌ఎస్‌ఎక్స్‌గా మారిస్తే ఎక్స్‌ఎంఎల్‌లా చదవవచ్చు. పేరు దగ్గర మళ్లీ మాట ఉండదు, హెచ్‌తో మొదలయ్యే పొడవాటి హ్యాండిల్ ఉంటుంది. అసలు మాట లోకలైజేషన్ మూటలో ఉంటుంది. పేరుతో వెతకాలంటే ముందు అక్కడ మాట పట్టుకుని, దాని హ్యాండిల్‌తో టెంప్లేట్లను వెతకడమే దగ్గరి దారి. ఈ ఆటకు 150 జీబీ స్థలం కావాలని తయారీదారులే చెబుతారు. కాబట్టి మూటలన్నీ విప్పాలన్న ఆలోచన మానుకుని, షేర్డ్, గుస్తావ్, మీ భాష మూట ఈ మూడింటితో మొదలుపెట్టండి.

2015 నాటి విచర్ 3లో బండిల్ ఫైళ్లను హెక్స్‌లో చూస్తే మొదట పొటాటో70 అన్న అక్షరాలు కనిపిస్తాయి. వస్తువుల వివరాలు బండిల్ లోపల ఎక్స్‌ఎంఎల్‌గా, బొమ్మలు టెక్స్చర్ క్యాష్‌లో, మాటలు డబ్ల్యూ3స్ట్రింగ్స్‌లో. స్క్రిప్టులు మాత్రం ఏ మూటా లేకుండా చదవగలిగే టెక్స్ట్‌గా ఉంటాయి. ఆ సౌకర్యమే కొట్లాట తెచ్చింది. రెండు మోడ్‌లు ఒకే స్క్రిప్టు ఫైలును మారిస్తే ఒకటే చెల్లుతుంది కాబట్టి వాటిని వరుసవరుసగా కలపాలి. మోడ్ ఫోల్డర్ పేరు మోడ్ అన్న మాటతోనే మొదలుకావాలి.

సైబర్‌పంక్ 2077 ఆర్కైవ్‌లో పేర్లే ఉండవు. దారికి బదులు దాని 64 బిట్ల హ్యాష్, అంటే దాన్నుంచి లెక్కగట్టిన ఒక అంకె ఉంటుంది. హ్యాష్ నుంచి పేరు వెనక్కి రాదు. అందుకే వోల్వెన్‌కిట్ అనే టూల్ తన దగ్గరున్న తెలిసిన పేర్ల జాబితాకు హ్యాష్‌లు కట్టి పోల్చి చూపిస్తుంది. జాబితాలో లేనివి అంకెలుగానే బయటపడతాయి.

1998 నాటి మొదటి బాల్డర్స్ గేట్ ఈ పద్ధతులన్నిటికీ పెద్దన్న. చిటిన్.కీ అనే ఒక సూచిక, బిఫ్ అనే మూటలు, డైలాగ్.టీఎల్‌కే అనే మాటల పట్టిక. ఓవర్‌రైడ్ ఫోల్డర్‌లో పెట్టిన ఫైలు మూటలోని దాని మీద గెలుస్తుంది. ఫైలు పేరు ఎక్స్‌టెన్షన్ కాకుండా 8 అక్షరాలు మించితే ఇంజిన్‌కు ఆ వస్తువు లేనట్టే. నియర్ ఇన్ఫినిటీ అనే టూల్‌తో ఒక గంట ఈ ఆటను తిరగేస్తే ఆధునిక ఆర్కైవ్‌లన్నీ సులువుగా అర్థమవుతాయి.

ఆర్‌పీజీ మేకర్ ఎంవీతో చేసిన ఆటల్లో డేటా అంతా జేసన్ ఫైళ్లలో తెరిచి ఉంటుంది. మ్యాప్ ఫైళ్లలో 401 అన్న కోడ్ ఉన్న చోట సంభాషణ వరుసలుంటాయి. బొమ్మలకు మాత్రం చిన్న తాళం వేస్తారు. ఫైలు ముందు 16 బైట్ల నకిలీ హెడర్ తగిలించి, అసలు ఫైలులో మొదటి 16 బైట్లను మాత్రమే ఒక కీతో ఎక్సార్ చేస్తారు, అంటే బిట్లను కీతో కలిపి మారుస్తారు. ఆ కీ సిస్టమ్.జేసన్‌లోనే రాసి ఉంటుంది. నిజానికి పీఎన్‌జీ బొమ్మకు అది కూడా అక్కర్లేదు. ఏ పీఎన్‌జీకైనా మొదటి 16 బైట్లు ఒకటే. నకిలీ హెడర్ తీసేసి, తర్వాతి 16 బైట్ల స్థానంలో ఆ ప్రామాణిక బైట్లు పెడితే బొమ్మ తెరుచుకుంటుంది. మార్చిన బొమ్మను తిరిగి పెట్టేటప్పుడు మాత్రం అదే తాళం వేయాలి. లేకపోతే సిస్టమ్.జేసన్‌లో బొమ్మలకు తాళం ఉందన్న గుర్తును తీసేసి, బొమ్మలన్నిటినీ విప్పి పెట్టాలి. సగం అలా, సగం ఇలా అంటే ఇంజిన్ ఒప్పుకోదు.

యూనిటీ ఆటలో పేరు చివర డేటా అని ఉన్న ఫోల్డర్‌లో అసెట్స్ ఫైళ్లు, స్ట్రీమింగ్ అసెట్స్‌లో బండిల్స్ ఉంటాయి. బండిల్ సంతకం యూనిటీఎఫ్‌ఎస్. అసెట్ రిప్పర్, యూఏబీఈఏ వీటిని తెరుస్తాయి. మేనేజ్డ్ ఫోల్డర్‌లో అసెంబ్లీ సీషార్ప్ డీఎల్‌ఎల్ ఉంటే ఆట తర్కాన్ని ఐఎల్‌స్పైతో చదవవచ్చు. దాని బదులు గేమ్ అసెంబ్లీ డీఎల్‌ఎల్ ఉంటే కోడ్ ఐఎల్2సీపీపీతో యంత్రభాషలోకి మారిపోయిందని అర్థం, పని బాగా కష్టమవుతుంది. మార్చిన బండిల్ సరిగ్గా ఉన్నా ఆట లోడ్ చేయకపోతే, క్యాటలాగ్‌లోని సీఆర్‌సీ తనిఖీని, అంటే ఫైలు మారిందేమో చూసే లెక్కను, అనుమానించండి.

అన్‌రియల్ ఆటల్లో కంటెంట్ కింద పాక్స్ ఫోల్డర్ చూడాలి. ఈ పాక్ సంతకం ఫైలు మొదట్లో కాదు, చివర్లో ఉంటుంది. కొత్త ఆటల్లో పాక్ పక్కనే యూటాక్, యూకాస్ అన్న జంట ఉంటే అసలు సరుకు వాటిలోనే ఉంటుంది. ఎఫ్‌మోడల్ అనే టూల్ వాటిని చూడడానికి బాగుంటుంది. సూచికకు ఏఈఎస్ తాళం ఉంటే కీ లేకుండా జాబితా కూడా కనిపించదు.

ఏ టూలూ గుర్తుపట్టని ఫైలు ఎదురైతే

ఎక్స్‌టెన్షన్‌ను నమ్మకండి. పాక్ అన్న పేరు పది రకాల ఇంజిన్లు వాడతాయి. హెక్స్ ఎడిటర్‌లో మొదటి 16 బైట్లు, చివరి 64 బైట్లు చూడండి. మొదట్లో పీ, కే అక్షరాలుంటే అది మామూలు జిప్. 2018 నాటి కింగ్‌డమ్ కమ్ డెలివరెన్స్ పాక్‌లు అలాంటివే, సెవెన్‌జిప్‌తో తెరుచుకుంటాయి. జీడీపీసీ అని ఉంటే గొడోట్ ఇంజిన్. చదవగలిగే ఫైలు పేర్లు ఒక వరుసలో కనిపిస్తే సూచిక తెరిచే ఉంది, క్విక్‌బీఎంఎస్ అనే మూటలు విప్పే టూల్‌కు ఆ ఆట స్క్రిప్టు దొరికే అవకాశం ఎక్కువ. మధ్యలో డీడీఎస్, ఓజీజీఎస్, రిఫ్ లాంటి సంతకాలు కనిపిస్తే ఫైళ్లు కుదించకుండానే పేర్చి ఉన్నాయి. హెక్స్‌లో 78 తర్వాత 01, 9సీ, డీఏ లాంటివి పదేపదే వస్తుంటే జీలిబ్ కుదింపు. మొదటి నుంచి చివరి దాకా ఏ ఆకృతీ లేని గందరగోళం అయితే తాళం వేసి గానీ, వేరే పద్ధతిలో కుదించి గానీ ఉందనుకోవాలి.

అంకెలు చదివేటప్పుడు బైట్లు తిరగేసి ఉంటాయని గుర్తుంచుకోండి. 36 అన్న అంకె నాలుగు బైట్లలో 24 00 00 00 గా కనిపిస్తుంది. ఒక ఆఫ్‌సెట్ ఫైలు సైజు కన్నా పెద్దగా వస్తే, బైట్ల వరుస తప్పుగా చదువుతుండవచ్చు.

విప్పినవి, మార్చినవి, పంచేవి

విప్పిన అసలు ఫైళ్ల ఫోల్డర్‌ను చదవడానికి మాత్రమే ఉంచి, మార్చే ఫైలును వేరే చోటికి కాపీ చేసుకుని పని చేయండి. ఫోల్డర్ పేరులో ఆట వెర్షన్ నంబరు రాయండి. ఆట అప్‌డేట్ అయిన రోజు కొత్త మూటల్లోంచి అవే ఫైళ్లు మళ్లీ విప్పి, పాతవాటితో పోల్చితే మీ మోడ్‌లో ఏది తిరగరాయాలో తెలిసిపోతుంది. ఆట సొంత ఫైలును పొరపాటున చెడగొడితే స్టీమ్‌లో ప్రాపర్టీస్ కింద ఫైళ్ల సమగ్రత తనిఖీ చేయించండి. అది చెడిన ఫైళ్లనే తిరిగి దింపుతుంది. మీరు చేర్చిన లూజ్ ఫైళ్లను మాత్రం తీసేయదు, అవి చేత్తో తీయాల్సిందే. లినక్స్‌లో పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడాతో ఒకే పేరుగల రెండు ఫోల్డర్లు తయారై, ఒకదానిలోని ఫైళ్లు ఆటకు కనిపించకుండా పోవడం తరచూ జరుగుతుంది. మీ ఫోల్డర్ల పేర్లన్నీ ఒకే తీరులో ఉంచండి.

మోడ్ పంచేటప్పుడు మీరు మార్చిన ఫైళ్లు, మీ ప్లగిన్ మాత్రమే పెట్టండి. మూటలోంచి తీసిన అసలు బొమ్మలు, గొంతులు అలాగే పంచడానికి ఆట లైసెన్సులు సాధారణంగా ఒప్పుకోవు. ఒక ఆట ఫైళ్లను మరో ఆటలోకి మోసుకెళ్లడమూ అంతే. ఆన్‌లైన్‌లో నలుగురితో ఆడే ఆటైతే, మార్చిన డేటా ఫైలును యాంటీచీట్ మోసంగా లెక్కగట్టి ఖాతా మూసేయవచ్చు.

స్కైరిమ్‌లో ఫైళ్లు ఎక్కువైతే లూజ్‌గా పంచే బదులు బీఎస్‌ఏగా కట్టవచ్చు. ఆట అధికారిక ఎడిటర్ క్రియేషన్ కిట్‌తో వచ్చే ఆర్కైవ్ ప్రోగ్రామ్ ఆ పని చేస్తుంది. మూట 2 జీబీ దాటకూడదు. గొంతు, శబ్దం ఫైళ్లున్న మూటను కుదించకుండా కట్టాలి, కుదిస్తే ఆటలో శబ్దం వినిపించకపోవచ్చు. మీ మోడ్‌లో బొమ్మలే ఉండి ప్లగిన్ లేకపోతే, మూటకు అదే పేరుతో ఒక ఖాళీ ప్లగిన్ తయారు చేసి దానికి ఈఎస్‌ఎల్ గుర్తు పెట్టండి. ఆ ప్లగిన్ లోడ్ అయితేనే మూట తెరుచుకుంటుంది.